దీవుల విహారానికి వెళ్తున్నారా? బయల్దేరే ముందు నుంచి తిరిగొచ్చేదాకా చూసుకోవాల్సినవి

టికెట్లు కొనే ముందే మ్యాప్ తెరిచి ఒక్క దూరం చూడండి. మీరు దిగబోయే చోటి నుంచి, అర్ధరాత్రి కూడా డాక్టరు ఉండే ఆసుపత్రి ఎంత దూరంలో ఉంది? నగరంలో ఉన్నంతకాలం ఈ ప్రశ్న మనకు తట్టదు. చిన్న దీవిలో మాత్రం చాలాసార్లు ఉండేది ఒక ప్రాథమిక చికిత్స కేంద్రమే. తలకు దెబ్బ తగిలినా, గుండెలో నొప్పి వచ్చినా పడవలో పెద్ద దీవికి తీసుకెళ్లాలి. సముద్రం బాగోలేకపోతే తెల్లారేదాకా ఆగాలి.

దీవుల్లో పర్యాటకులకు వచ్చే కష్టాలు చాలావరకు వింతవేం కావు. నీళ్లలో మునగడం, బండి మీంచి పడటం, వడదెబ్బ, విరేచనాలు, దోమకాటు జ్వరం. వాటిని ప్రాణం మీదికి తెచ్చేది దూరం. అందుకే కింద రాసినదంతా ఒకే లెక్క మీద రాశాను: సాయం అందడానికి కొన్ని గంటలు పడుతుందనుకుంటే, ఈలోపు మన చేతిలో ఏం ఉండాలి, మనకు ఏం తెలిసి ఉండాలి?

1. ముందు నెల చూసుకోండి, తర్వాత దీవి

హోటల్ ధరలు ఉన్నట్టుండి సగానికి పడిపోయాయంటే చాలాసార్లు కారణం వాతావరణమే. అట్లాంటిక్, కరీబియన్ దీవుల్లో తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. అందులో ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా ఉధృతి ఎక్కువ. ఫిజీ, వనువాటు లాంటి దక్షిణ పసిఫిక్ దీవులకు అది నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు. ఫిలిప్పీన్స్ వైపు ఏడాదిలో ఏ నెలలోనైనా తుపాను రావచ్చు గానీ జూలై నుంచి అక్టోబర్ దాకా జోరు ఎక్కువ. బంగాళాఖాతంలో వర్షాకాలానికి ముందు ఏప్రిల్, మే నెలల్లోనూ, తర్వాత అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానూ తుపాన్లు లేస్తాయి.

సెలవులు ఆ నెలల్లోనే దొరికితే ప్రయాణం మానుకోవాల్సిన పని లేదు, దీవి మార్చుకుంటే చాలు. భూమధ్యరేఖకు బాగా దగ్గరగా, అంటే అటూ ఇటూ 5 డిగ్రీల లోపు, భూభ్రమణం గాలిని సుడి తిప్పేంత బలంగా పనిచేయదు. అందుకే అక్కడ తుపాన్లు పుట్టడం అరుదు. కరీబియన్‌లోనే దక్షిణపు అంచున ఉన్న అరుబా, బోనైర్, కురసావ్ దీవులను హరికేన్లు తాకడం తక్కువ. అయినా ఆ కాలంలోనే వెళ్తే, తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనండి. తిరుగు ప్రయాణానికీ, ఉద్యోగంలో చేరాల్సిన రోజుకీ మధ్య ఒకటి రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. సముద్రం పోటెత్తితే పడవలు ఆగిపోతాయి, అప్పుడు ఎవరిని బతిమాలినా లాభం ఉండదు.

2. పాస్‌పోర్టు, బీమా: చిన్న అక్షరాలు చదవండి

చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువు ఉండాలంటాయి. తిరుగు టికెట్ కూడా అడుగుతాయి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం మీదుగా వెళ్తుంటే టీకా పత్రం అడగొచ్చు. ఆ పత్రం టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది కాబట్టి చివరి వారానికి వదిలేస్తే పనికిరాదు. 2016 నుంచి ఆ ఒక్క టీకా జీవితాంతం చెల్లుతోంది.

బీమా విషయంలో కాస్త ఓపిక పట్టండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నది సరైన ప్రశ్న కాదు. అందులో మూడు సంగతులు వెతకాలి. ఒకటి, రోగిని విమానంలోనో హెలికాప్టర్‌లోనో పెద్ద ఆసుపత్రికి తరలించే ఖర్చు భరిస్తారా? దీవిలో అసలు బిల్లు ఆసుపత్రిది కాదు, తరలింపుది. రెండు, స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల అడుగుకు వెళ్లడం), సర్ఫింగ్ లాంటివి కవర్ అవుతాయా, అయితే ఎంత లోతు వరకు? మూడు, అద్దె స్కూటర్. మీ లైసెన్సులో ద్విచక్ర వాహనానికి అనుమతి లేకపోయినా, హెల్మెట్ పెట్టుకోకపోయినా, తాగి నడిపినా చాలా పాలసీలు చేతులెత్తేస్తాయి. పాలసీ నంబరు, వాళ్ల 24 గంటల ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. ఫోన్ నీళ్లలో పడితే అందులోని పీడీఎఫ్ ఎవరికీ అక్కరకు రాదు.

3. డాక్టరును కనీసం నెల ముందు కలవండి

హెపటైటిస్-ఎ, టైఫాయిడ్ లాంటి టీకాలు వెంటనే పనిచేయవు, అందుకే నాలుగు నుంచి ఆరు వారాల ముందు వెళ్లమంటారు. పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, వనువాటు లాంటి చోట్ల మలేరియా ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లకు నివారణ మాత్రలు రాస్తారు. వాటిని ప్రయాణానికి ముందే మొదలుపెట్టి తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వేసుకోవాలి. ఇంటికొచ్చేశాం కదా అని మధ్యలో ఆపేస్తే అప్పటిదాకా వేసుకున్నదంతా వృథా కావచ్చు. గర్భిణులు, దోమకాటుతో సోకి కడుపులోని బిడ్డకు హాని చేసే జికా వైరస్ సంగతి అడిగి తెలుసుకోకుండా టికెట్ కొనొద్దు.

రోజూ వేసుకునే మందులుంటే, ఉండబోయే రోజులకు మరో వారం రోజులవి కలిపి పట్టుకెళ్లండి. అసలు పెట్టెలతో, మందుల చీటీతో సహా, చేతి సంచిలోనే. పెద్ద సంచి వేరే విమానంలో వెళ్లిపోయిందంటే అది మీ దీవికి చేరేసరికి రెండు మూడు రోజులు పట్టొచ్చు.

4. సంచిలో ఏం ఉండాలి

బట్టల సంగతి మీకు వదిలేస్తాను. ఒక్క మాట: పొడుగు చేతుల పల్చటి చొక్కాలు రెండైనా ఉండాలి. అవి ఎండకూ దోమలకూ రెండింటికీ పనికొస్తాయి. ఈత కోసం పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) ఉంటే సన్‌స్క్రీన్ సగం ఆదా.

మందుల పెట్టె విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. ఓఆర్‌ఎస్ పొట్లాలు, పారాసిటమాల్, థర్మామీటర్, అలర్జీ మాత్రలు, పడవలో వాంతులు రాకుండా మాత్రలు, గాయం కడగడానికి యాంటిసెప్టిక్, గాజుగుడ్డ, టేపు, పట్టకారు, చిన్న సీసాలో వెనిగర్. వెనిగర్ ఎందుకో జెల్లీఫిష్ దగ్గర చెబుతాను. రాళ్లూ పగడాలూ ఉన్న తీరానికి మందమైన అడుగున్న నీటి చెప్పులు తప్పనిసరి. ఒక్కొక్కరికి ఒక ఈల, నీళ్లు చొరని సంచి, టార్చి. పవర్‌బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ చేసే పెద్ద సంచిలో పెట్టనివ్వరు. సాధారణంగా 100 వాట్-అవర్ లోపు ఉన్నవాటికి ఇబ్బంది ఉండదు. కొంత నగదు కూడా ఉంచుకోండి. చిన్న దీవిలో కరెంటు పోతే ఏటీఎం, కార్డు మెషీన్ రెండూ ఒకేసారి ఆగిపోతాయి.

5. దిగిన రోజు

సముద్రం కనిపించగానే నీళ్లలోకి పరుగెత్తాలనిపిస్తుంది. ఒక్క పూట ఆగండి. రాత్రంతా ప్రయాణం చేసిన ఒంటికి నిద్ర తక్కువ, నీళ్లు తక్కువ. శరీరం కొత్త వేడికి పూర్తిగా అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రెండు రోజులు మధ్యాహ్నం నడకలు, కొండలెక్కడం పెట్టుకోవద్దు.

ఆ పూట చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. బస చేసే చోట మూడు ప్రశ్నలు అడగండి: ఆసుపత్రి ఎక్కడ, ఇక్కడి అత్యవసర నంబరు ఏమిటి, సునామీ హెచ్చరిక వస్తే ఎటు వెళ్లాలి? నంబరు దీవికో తీరుగా ఉంటుంది. హవాయి, ప్యూర్టోరికోల్లో 911. ఫ్రాన్స్ పాలనలోని రీయూనియన్, మార్టినిక్‌లలో 112. చుట్టుపక్కల బీచ్‌లలో లైఫ్‌గార్డ్ ఉండేది ఏదో, ఏ గంట నుంచి ఏ గంట వరకో కూడా కనుక్కోండి. పిల్లలతో వెళ్తే ఆ బీచ్ తప్ప వేరేది వద్దని నా అభిప్రాయం. ఎంత అందంగా ఉన్నా సరే.

6. ఎండ

భూమధ్యరేఖ చుట్టుపక్కల సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అతినీలలోహిత కిరణాల సూచీ 11 దాటడం అక్కడ మామూలే. సముద్రపు గాలి చల్లగా తగులుతుంటే ఒళ్లు కాలుతున్న సంగతి సాయంత్రం దాకా తెలియదు. పల్చటి మబ్బు ఈ కిరణాలను పెద్దగా ఆపదు. పొడి ఇసుక దాదాపు 15 శాతాన్ని, అలల నురగ 25 శాతాన్ని తిరిగి మీ మీదికే కొడతాయి కాబట్టి గొడుగు కింద కూర్చున్నా పూర్తి రక్షణ లేదు. అర మీటరు లోతు నీళ్లలో కూడా 40 శాతం దాకా తగులుతుంది. స్నార్కెలింగ్ (మాస్క్, గాలి గొట్టం పెట్టుకుని నీటి మీద బోర్లా తేలుతూ కిందికి చూడటం) చేసినవాళ్ల వీపు, మోకాళ్ల వెనక భాగం కమిలిపోయేది ఇందుకే.

ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె) 30 ఉన్న సన్‌స్క్రీన్ ఒంటిని కమిలించే యూవీ-బి కిరణాలను 97 శాతం ఆపితే, 50 ఆపేది 98 శాతం. తేడా అంకెలో కాదు, రాసే తీరులో ఉంది. పెద్దవాళ్ల ఒంటికి మొత్తంగా సుమారు 30 మిల్లీలీటర్లు కావాలి. బయటికి వెళ్లడానికి 15 నుంచి 20 నిమిషాల ముందు రాసుకోవాలి, ప్రతి రెండు గంటలకోసారీ, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. చెవులు, పాదాల పైభాగం, పాపిడి మర్చిపోతుంటారు. కొనే ముందు డబ్బా మీద పేర్లు చదవండి. ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి నిషేధించింది. పలావు దేశం 2020 నుంచే పగడాలకు హాని చేసే సన్‌స్క్రీన్లను రానివ్వడం లేదు. జింక్ ఆక్సైడ్ ఉన్నవి మేలు.

ఎండలో తిరిగిన మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ఆసుపత్రికి ఫోన్ చేస్తూనే ఒంటిని చల్లార్చడం మొదలుపెట్టండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి విసరండి. పడవ వచ్చేదాకా ఇది ఆగకూడదు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

7. సముద్రంలో దిగే ముందు పది నిమిషాలు చూడండి

ఈ భాగం తొందరగా చదివి వదిలేయొద్దని వేడుకుంటున్నాను.

రిప్ కరెంట్ అంటే ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ ఒక సన్నని దారి చేసుకుని తిరిగి సముద్రంలోకి పోయే ప్రవాహం. మామూలుగా సెకనుకు ఒకటి రెండు అడుగుల వేగంతో పోతుంది. ఒక్కోసారి 8 అడుగుల వేగం కూడా నమోదైంది. అంత వేగానికి ఎదురీదడం ఒలింపిక్ ఈతగాడి వల్ల కూడా కాదు. మోసం ఏమిటంటే, అది చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం అలల్లేకుండా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. ఈత రాని పిల్లల్ని తీసుకుని పెద్దలు సరిగ్గా అక్కడే దిగుతారు. అలల్లేవు కదా అని. ఒడ్డున ఎత్తయిన చోట నిలబడి పది నిమిషాలు చూడండి. నురగ, నాచు, కలకబారిన ఇసుక నీళ్లు ఒక వరుసలో లోపలికి పోతుంటే అదే ఆ దారి.

అందులో చిక్కుకుంటే గుర్తుంచుకోవాల్సింది ఒకటే: అది మిమ్మల్ని కిందికి లాగదు, దూరంగా తీసుకెళ్తుంది, అంతే. చనిపోయేవాళ్లు చాలావరకు ఒడ్డువైపే ఎదురీది అలసిపోయి మునుగుతారు. కాబట్టి మొదట వెల్లకిలా తేలండి, ఊపిరి నిలదొక్కుకోండి. ఒక చెయ్యి పైకెత్తి ఊపండి, అరవండి. శక్తి ఉంటే తీరానికి సమాంతరంగా పక్కకు ఈదండి. ఆ దారి సన్నగా ఉంటుంది కాబట్టి కొంతదూరం పోయాక లాగడం తగ్గుతుంది, అప్పుడు విరిగే అలలతో పాటు ఏటవాలుగా ఒడ్డుకు రండి. శక్తి లేకపోతే తేలుతూనే ఉండండి.

ఇంకొకరు చిక్కుకున్నట్టు కనిపిస్తే మీరు దూకకండి. కాపాడబోయి మునిగిపోయినవాళ్లు ఎంతోమంది. లైఫ్‌గార్డ్‌ను పిలవండి, తేలే వస్తువు ఏదైనా విసరండి. ఖాళీ నీళ్ల క్యాన్ మూత బిగించి విసిరినా అది ఒక మనిషి గడ్డాన్ని నీళ్లపైన ఉంచుతుంది.

జెండాలు నేర్చుకోండి. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాల మధ్య లైఫ్‌గార్డ్ నిఘా ఉంటుంది. ఒక ఎర్ర జెండా అంటే ప్రమాదం ఎక్కువ, రెండు ఎర్ర జెండాలంటే నీళ్లలోకి ఎవరూ దిగకూడదు. ఊదారంగు అంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని. జెండా లేకపోతే క్షేమమని కాదు, చూసేవాళ్లు లేరని.

పిల్లలు మునిగేటప్పుడు సినిమాల్లోలాగా కేకలు వేయరు. చప్పుడు లేకుండా మునుగుతారు. నీళ్ల దగ్గర ఒక పెద్దమనిషి చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఫోన్ లేకుండా ఉండాలి. ఆ బాధ్యత ఎవరిదో పేరు పెట్టి చెప్పుకోండి, అరగంటకోసారి మార్చుకోండి. అందరూ చూస్తున్నారు అనుకున్నప్పుడు ఎవరూ చూడరు.

రాళ్ల మీద ఫొటోలు తీసుకునేవాళ్లు సముద్రానికి వీపు పెట్టకండి. రాయి తడిగా ఉందంటే అల అక్కడిదాకా వస్తున్నట్టే.

8. స్నార్కెలింగ్, స్కూబా

స్నార్కెలింగ్ తేలికైన ఆట అనుకుంటాం. హవాయిలో పర్యాటకుల మునక మరణాలు ఎక్కువగా జరిగేది ఇది చేస్తున్నప్పుడే. గొట్టం గుండా పీల్చడం గుండెకూ ఊపిరితిత్తులకూ అదనపు పని. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి తీరాలి. మొదట నడుములోతు నీళ్లలో మాస్క్ పెట్టుకుని అలవాటు చేసుకోండి, ఇద్దరిద్దరుగా వెళ్లండి, కాళ్లు ఆనే చోటికి దగ్గరలోనే ఉండండి. ఊపిరి ఆడటం లేదనిపిస్తే గొట్టం తీసేసి వెల్లకిలా తేలుతూ వెంటనే బయటికి రండి. ఇంకో నిమిషం చూద్దాం అనుకోవద్దు.

స్కూబాకు వెళ్తే తిరుగు విమానం సమయం చూసుకుని చివరి డైవ్ పెట్టుకోండి. ఒక్క మామూలు డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా చాలా డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్, ఎత్తుకు పోగానే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. ఎత్తైన కొండకు కూడా ఇదే నియమం. పొద్దున డైవ్ చేసి మధ్యాహ్నం హవాయిలోని 3,055 మీటర్ల హలేయకలా శిఖరానికి కారులో వెళ్లినా అదే ముప్పు. డైవింగ్ సంస్థను ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న చాలు: మీ పడవలో ఆక్సిజన్ ఉందా? ఉందని చూపించలేనివాళ్ల దగ్గర డబ్బు కట్టకండి.

పడవ ఏదైనా సరే, లైఫ్‌జాకెట్ సీటు కింద ఉంటే ఉన్నట్టు కాదు. ఒంటి మీద, పట్టీలు బిగించి ఉండాలి. జనం ఎక్కువైతే దిగిపోండి.

9. నీళ్లలోని జీవులు

ముట్టుకోకపోవడమే సగం వైద్యం. అందమైన శంఖం కనిపించిందని తీయకండి. కోన్ స్నెయిల్ అనే నత్త లోపల బతికే ఉండి విషపు ముల్లు గుచ్చుతుంది. నీలి వలయాల చిన్న ఆక్టోపస్ కరిచినా అంతే. ఈ రెండింటికీ విరుగుడు మందు లేదు. కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగుతుంది గానీ మనిషికి స్పృహ ఉండొచ్చు. వైద్యం అందేదాకా నోటితో ఊపిరి ఊదుతూ బతికించుకోవచ్చు. కృత్రిమ శ్వాస నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తెలియదు.

జెల్లీఫిష్ కుడితే మూత్రం పోయడం, మంచినీళ్లతో కడగడం, ఇసుకతో రుద్దడం ఏవీ చేయొద్దు. అలా చేస్తే అంటుకుని ఉన్న విషపు కణాలు ఇంకా పేలుతాయి. బాక్స్ జెల్లీఫిష్ అయితే కనీసం 30 సెకన్లు వెనిగర్ పోసి, తర్వాత ఒంటికి అంటుకున్న దాని పోగులను పట్టకారుతో తీసి, వెంటనే వైద్యానికి తీసుకెళ్లాలి. నీలంగా బుడగలా తేలే బ్లూబాటిల్ అయితే వెనిగర్ బదులు వేడినీళ్లు వాడమని ఆస్ట్రేలియాలో నేర్పుతారు. హవాయిలోని వైకీకీ వైపు బాక్స్ జెల్లీఫిష్ పౌర్ణమి తర్వాత 8 నుంచి 10 రోజులకు ఒడ్డుకు వస్తాయి. ఇలాంటి లెక్క మీరు వెళ్లే చోట కూడా ఉండొచ్చు, అక్కడి జాలర్లనో లైఫ్‌గార్డునో అడగండి.

స్టోన్‌ఫిష్, లయన్‌ఫిష్, స్టింగ్‌రేల ముల్లు గుచ్చుకుంటే నొప్పి భరించలేనంతగా ఉంటుంది. ఆ భాగాన్ని 45 డిగ్రీలు దాటని వేడినీళ్లలో 30 నుంచి 90 నిమిషాలు ఉంచితే తగ్గుతుంది. వేడి ఎంతుందో దెబ్బ తగలని చేతితో చూడండి. నొప్పిలో ఉన్న కాలికి కాలుతున్న సంగతి తెలియదు. ఇసుక అడుగున్న నీళ్లలో పాదాలు ఎత్తి వేయకుండా జరుపుతూ నడిస్తే స్టింగ్‌రేలు అలికిడి విని తప్పుకుంటాయి.

పగడం గీసుకుంటే చిన్న గీతే కదా అని వదిలేయకండి. నేను అలాగే వదిలేసి, నాలుగో రోజుకు పాదం వాచి చెప్పు ఎక్కని స్థితికి తెచ్చుకున్నాను. మంచినీళ్లు, సబ్బుతో రుద్ది కడగాలి, పగడపు ముక్కలు తీసేయాలి, రోజూ కట్టు మార్చాలి. ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి పోవాలి. మానని పుండుతో సముద్రంలోనూ, జలపాతపు గుంటల్లోనూ దిగొద్దు. ఆ మంచినీటి గుంటల్లో లెప్టోస్పైరోసిస్ (జంతువుల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జ్వరం) క్రిములు ఉండొచ్చు.

ఒడ్డు మీద కూడా ఒక జాగ్రత్త. కరీబియన్ తీరాల్లో మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది, చిన్న ఆపిల్‌లాంటి పచ్చటి కాయలతో. కాయ తింటే విషం, పాలు తగిలితే బొబ్బలు, వానలో దాని కింద నిలబడినా ఒళ్లు కాలుతుంది. చాలాచోట్ల కాండానికి ఎర్రగీత గీసి ఉంచుతారు. మొత్తంగా, పేరు తెలియని కాయ తినొద్దు. కాయలున్న కొబ్బరిచెట్టు కింద ఉయ్యాల కట్టొద్దు.

10. దోమలు

డెంగీ దోమ పగలు కుడుతుంది. పొద్దెక్కేటప్పుడు, పొద్దుగూకే ముందు ఇంకా ఎక్కువ. దోమతెర ఉందిలే అనుకుంటే సరిపోదు. 20 నుంచి 30 శాతం డీట్, లేదా 20 శాతం పికారిడిన్ ఉన్న మందు రాసుకోండి. వరస తప్పొద్దు: ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దాని మీద దోమల మందు.

దీవిలో ఉండగా జ్వరం వస్తే పారాసిటమాల్ మాత్రమే వేసుకోండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు, డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. డెంగీలో జ్వరం తగ్గిన రోజే అసలు ప్రమాదం మొదలుకావచ్చు. అప్పుడు కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆ క్షణమే పెద్ద ఆసుపత్రికి బయల్దేరాలి. రేపటి పడవకు కాదు.

11. తిండి, నీళ్లు

మూత తీయని సీసా నీళ్లు, లేదా ఒక నిమిషం గలగలా మరిగించిన నీళ్లు తాగండి. ఐసు కూడా నీళ్లతోనే చేస్తారని మర్చిపోకండి. వేడివేడిగా వండినవి, మీరే తొక్క తీసుకునే పండ్లు క్షేమం. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, తలకొట్టిన అర టీస్పూను ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగాలి. మలంలో రక్తం ఉన్నా, జ్వరం తోడైనా డాక్టరే.

పగడపు దిబ్బల దగ్గర పెరిగిన పెద్ద చేపల్లో, అంటే బారకూడా, పెద్ద గ్రూపర్, స్నాపర్, మోరే ఈల్ లాంటివాటిలో సిగ్వాటెరా అనే విషం పేరుకోవచ్చు. ఉడికించినా, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు, రుచీ వాసనా మారవు. వాంతులతో పాటు పెదాలు తిమ్మిరెక్కడం, చల్లటి వస్తువు తాకితే వేడిగా అనిపించడం దాని గుర్తు. బారకూడా, మోరే ఈల్ అసలు తినకపోవడమే మంచిది.

పేరూ ఊరూ లేని సీసాలోని మద్యం, మరీ చవకగా పోసే కాక్‌టెయిల్ తాగొద్దు. అందులో మిథనాల్ కలిస్తే 12 నుంచి 24 గంటల తర్వాత చూపు మసకబారుతుంది. హ్యాంగోవర్ అనుకుని పడుకుంటే చూపు, ప్రాణం రెండూ పోవచ్చు.

12. అద్దె స్కూటర్

ఇంటి దగ్గర నడపనివాళ్లు దీవిలో నేర్చుకోవద్దు. ఇసుక పేరుకున్న మలుపులు, వానకు జారే రోడ్లు, చీకటి. నడపడం బాగా వచ్చినవాళ్లు కూడా హెల్మెట్, బూట్లు, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా ఎక్కొద్దు. తీసుకునే ముందు బ్రేకులు చూసి, ఉన్న గీతలన్నీ వీడియో తీసుకోండి. పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంటే వేరే చోట అడగండి.

13. తుపాను, సునామీ

తుపాను ముందే చెప్పి వస్తుంది. ఆ దేశపు వాతావరణ శాఖ హెచ్చరిక ఇవ్వగానే, పడవలూ విమానాలూ నడుస్తున్నప్పుడే దీవి విడిచి వెళ్లిపోండి. కట్టిన డబ్బు పోతుందని ఆగితే తర్వాత దారి ఉండదు. ఉండిపోవాల్సి వస్తే తాగునీళ్లు నింపుకుని, ఫోన్లు ఛార్జి పెట్టుకుని, కిటికీలకు దూరంగా గట్టి భవనంలో ఉండండి. గాలి ఉన్నట్టుండి ఆగితే తుపాను కన్ను, అంటే దాని నడిమి ప్రశాంత భాగం, పైన ఉన్నట్టు. బయటికి రావద్దు, రెండో సగం ఎదురు దిక్కు నుంచి కొడుతుంది.

సునామీ అంత గడువివ్వదు. 2004 డిసెంబర్ 26న సుమత్రా పక్కనున్న సిమ్యులూ దీవిని అలలు నిమిషాల్లోనే తాకాయి. అక్కడ దాదాపు 78,000 మంది ఉంటే చనిపోయింది ఏడుగురే. వాళ్లకు సైరన్లు లేవు. 1907లో వచ్చిన సునామీ తర్వాత నుంచి పెద్దలు పిల్లలకు పాటల్లో, కథల్లో చెబుతూ వచ్చిన ‘స్మోంగ్’ అనే మాట ఉంది. భూమి గట్టిగా కంపించి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కండి అని దాని అర్థం. ఆ రోజు అదే అరుస్తూ అందరూ కొండెక్కారు.

మీరూ అంతే. భూమి 20 సెకన్లకు మించి ఊగినా, నిలబడలేనంత గట్టిగా ఊగినా, సముద్రం అసాధారణంగా వెనక్కి పోయినా, రైలు వస్తున్నట్టు హోరు వినిపించినా ఫోన్‌లో హెచ్చరిక కోసం చూడకండి. సామాను వదిలేసి నడిచి, వీలైతే 30 మీటర్ల ఎత్తుకు లేదా 3 కిలోమీటర్లు లోపలికి వెళ్లండి. దీవి చదునుగా ఉంటే గట్టి కాంక్రీటు భవనంలో మూడో అంతస్తు పైకి. మొదటి అల తగ్గిందని దిగొద్దు, తర్వాతివి ఇంకా పెద్దవి కావచ్చు, గంటల తరబడి వస్తూనే ఉండొచ్చు. దీవికి చేరిన రోజు సాయంత్రమే ఈ దారిలో పిల్లలతో ఒకసారి నడిచి చూసుకోండి. అయిదు నిమిషాల పని.

14. తిరిగొచ్చాక

పగడాలు, పెద్ద ఆల్చిప్పలు, క్వీన్ కాంక్ శంఖాలు గుర్తుగా తెచ్చుకోవద్దు. అవి అంతర్జాతీయ వన్యజీవ ఒప్పందం కింద నియంత్రణలో ఉన్నాయి, పత్రం లేకపోతే విమానాశ్రయంలో పట్టుకుంటారు.

మందుల పెట్టెలోని థర్మామీటర్ అప్పుడే లోపల పెట్టేయకండి. డెంగీ రెండు వారాల లోపు బయటపడుతుంది, మలేరియా నెలల తర్వాత కూడా రావచ్చు. జ్వరం వస్తే డాక్టరుతో మొదటి మాటగా ఏ దీవికి వెళ్లారో, ఏ తేదీల్లో ఉన్నారో చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగకండి.